కీ తిప్పితే టక్ మంటోంది, సెల్ఫ్ తిరగడం లేదు

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర ఊరు. అన్నదమ్ములిద్దరం ఒక ఫైబర్ పడవ మీద బతుకుతున్నాం. దానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న యమహా 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు ఉంది, సెల్ఫ్ స్టార్ట్‌ది. ఇరవై ఏళ్లు దాటిన ఇంజను. వేట నిషేధం రెండు నెలలూ పడవ ఒడ్డు మీదే ఉంది. జూన్‌లో దింపిన దగ్గర్నుంచి కీ తిప్పితే టక్ అని ఒక్క చప్పుడొచ్చి ఊరుకుంటోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నాలుగైదు సార్లు తిప్పితే స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం వేట ముగించుకుని తిరిగొచ్చేటప్పుడు మాత్రం అసలు తిరగదు. ట్రాక్టర్ బ్యాటరీ కొత్తది వేశాం. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చి పెట్టి కూడా చూశాం. అదే టక్. నాలుగైదు సార్లు కీ తిప్పాక ఇంజను దగ్గర నల్ల కేబుల్ చివర చెయ్యి పెడితే కాలుతోంది. మెకానిక్ చూసి సెల్ఫ్ మోటారు పోయింది, మార్చాలి అన్నాడు. ఇంకొకాయన స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ (కీ తిప్పగానే బ్యాటరీ కరెంటుని సెల్ఫ్‌కి కలిపే స్విచ్) మీద షార్ట్ చేయడం నేర్పాడు. అలా చేస్తే ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి నిప్పురవ్వలు రాలి ఊరుకుంటుంది. మొన్న అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర పాటు నీటికి (ఆటుపోట్లలో వెనక్కి లాగే నీటికి) పడవ సముద్రంలోకి కొట్టుకుపోతుంటే వేరే పడవ వాళ్లు తాడు వేసి లాగారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. సెల్ఫ్ మోటారు మార్చమంటారా? అప్పటిదాకా స్క్రూడ్రైవర్‌తో నెట్టుకురావచ్చా?

సమాధానం: సెల్ఫ్ మోటారు ఇప్పుడే కొనకండి. స్క్రూడ్రైవర్ పద్ధతి ఈ రోజు నుంచే ఆపేయండి. అసలు సంగతి తేలేదాకా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి బయటికి వెళ్లకండి. వేట పోతుందని నాకు తెలుసు. కానీ గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పాటు నీరు ఎంత బలంగా లాగుతుందో మీరు మొన్ననే చూశారు. ప్రతిసారీ వెనక ఇంకో పడవ ఉండదు.

మీ ఉత్తరంలో జబ్బు గుర్తు ఒకటి స్పష్టంగా ఉంది. నల్ల కేబుల్ చివర చెయ్యి కాలుతోందని రాశారు చూడండి, అదే. కరెంటు సాఫీగా పారే చోట వేడి పుట్టదు, అడ్డం తగిలిన చోట పుడుతుంది. మీ సెల్ఫ్ తిరగడానికి సుమారు 100 ఆంపియర్లు కావాలనుకుందాం. ఆ కరెంటు వెళ్లే దారిలో ఒక్క లూజు నట్టు దగ్గర 2 వోల్టులు పోయినా, అక్కడ 200 వాట్ల వేడి పుడుతుంది. 50 వాట్ల సాల్డరింగ్ ఐరన్లు నాలుగు తెచ్చి ఆ నట్టుకి ఆనించినట్టు. కాలదూ మరి! సెల్ఫ్‌కి అందాల్సిన బలం ఆ నట్టు దగ్గరే కాలిపోతోంది.

రెండు బ్యాటరీలు మార్చినా అదే చప్పుడు వస్తోందంటే తప్పు బ్యాటరీలో లేదని సగం తేలిపోయింది. స్క్రూడ్రైవర్ పెట్టినప్పుడు ప్రతిసారీ తిరిగి ఉంటే తప్పు సోలినాయిడ్‌లో మాత్రమే ఉందనేవాణ్ణి. ఎందుకంటే స్క్రూడ్రైవర్ దాన్ని తప్పించి కరెంటుని నేరుగా సెల్ఫ్‌కి ఇస్తుంది. ఒక్కోసారి అప్పుడు కూడా తిరగడం లేదంటున్నారు కాబట్టి అడ్డం ఇంకోచోట కూడా ఉంది. నా అనుమానం మొదట నల్ల కేబుల్ మీద, తర్వాత సోలినాయిడ్ లోపలి కాంటాక్టుల మీద. రెండోది మొదటిదాని వల్లే వచ్చి ఉండొచ్చు కూడా. వోల్టేజీ చాలనప్పుడు సోలినాయిడ్ గట్టిగా పట్టుకోలేక వదులుతూ పడుతూ ఉంటుంది. అలా పడిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వ లేచి రాగి బిళ్లలు కాలి గుంటలు పడతాయి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట అచ్చం ఇలాంటి చప్పుడుతోనే ఒక పడవ వచ్చింది. నేను మీటర్ పెట్టి చూడకుండానే, చెవితో విని, సెల్ఫ్ పోయిందని చెప్పేశాను. అతను అప్పు తెచ్చి కొత్తది కొన్నాడు. బిగించి కీ తిప్పితే మళ్లీ అదే టక్. సాయంత్రానికి తేలింది ఏమిటంటే, ఇంజనుకి ఎర్త్ బిగించిన బోల్టు కింద అల్యూమినియం తెల్లగా పొడిబారి ఉంది. ఎమరీ పేపర్‌తో పావుగంట పని. పోయింది అతని డబ్బు. ఆ తర్వాత మీటర్ పెట్టకుండా ఎవరికీ సామాను కొనమని చెప్పలేదు. మీకూ అందుకే చెప్పను.

కావాల్సిన సామాను పెద్దదేం కాదు. ఒక డిజిటల్ మల్టీమీటర్, మామూలుది చాలు. వైర్ బ్రష్, ఎమరీ పేపర్, స్పానర్లు, వాసలీన్. మనిషి మాత్రం ఇద్దరు కావాలి, ఒకరు కీ తిప్పడానికి, ఒకరు మీటర్ పట్టుకోవడానికి. మీరు అన్నదమ్ములిద్దరూ ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేదు.

మొదలుపెట్టే ముందు పెట్రోలు ట్యాంకు గొట్టం ఊడదీసి దూరంగా పెట్టండి. ఇంజను మూత తీసి గాలి ఆడనివ్వండి. ఆవిరి నిలిచి ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు. గేరు న్యూట్రల్‌లో ఉందని చేత్తో ప్రొపెల్లర్ తిప్పి చూసుకోండి. వీలైతే ప్రొపెల్లర్ విప్పేయడమే మేలు. నడుముకి కట్టుకునే తాడు క్లిప్పు ఉంటుంది కదా, దాన్ని తీసేయండి. ఇలాంటి పాత టూ స్ట్రోక్‌లలో ఆ క్లిప్పు తీస్తే ప్లగ్గుకి స్పార్క్ మాత్రమే ఆగుతుంది, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. అంటే ఇంజను అనుకోకుండా స్టార్ట్ అయ్యే ప్రమాదం లేకుండా పరీక్ష చేసుకోవచ్చు. పనిలో పనిగా ఇంకో మాట గుర్తుంచుకోండి. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోకపోతే ముందు చూడాల్సింది ఈ క్లిప్పునే. అది లేక గంటలు గంటలు కుస్తీ పట్టినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ప్లగ్గులు విప్పి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూడండి. రెండు నెలలు ఉప్పు గాలికి ఉన్న ఇంజను కాబట్టి ఇది తప్పకుండా చేయాలి. సిలిండర్‌లో తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకున్నా, లోపల నీళ్లు నిలిచినా సెల్ఫ్ పాపం ఏం చేస్తుంది? అది కూడా టక్ అనే అంటుంది. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పండి. వెనక్కి తిప్పితే కింద నీళ్లు తోడే పంపులో రబ్బరు రెక్కలు మడత పడతాయి. మీది పొద్దున పూట స్టార్ట్ అవుతోంది కాబట్టి ఇంజను ఫ్రీగానే తిరుగుతుందని నా నమ్మకం. తిరిగితే ప్లగ్గులు మళ్లీ బిగించేయండి.

తర్వాత బ్యాటరీ. రాత్రి ఛార్జింగ్ పెట్టి తీసేసి, కొన్ని గంటలు ఊరికే ఉంచి మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ. 12 కి దిగితే దాదాపు అయిపోయినట్టే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. 12.6 ఉంది, బ్యాటరీ మంచిదే అని పక్కకి పోతారు. ఊరికే ఉన్న బ్యాటరీ చూపే అంకెని బట్టి దాని బలం తెలియదు. కీ తిప్పి పట్టుకున్నప్పుడు ఎంత చూపిస్తుందో అదే లెక్క.

మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. రెండు పిన్నుల్నీ బ్యాటరీ సీసపు స్తంభాల మీదే గుచ్చి పట్టుకోండి. కేబుల్ క్లాంపు మీద పెట్టొద్దు, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. తమ్ముణ్ణి కీ తిప్పమనండి. 5 సెకన్లు మించకూడదు. తిప్పిన ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగాలి, లేకపోతే పరీక్ష పేరుతో మనమే సెల్ఫ్‌ని కాల్చేస్తాం.

ఆ 5 సెకన్లలో మీటర్ మూడు రకాలుగా మాట్లాడుతుంది. 9.6 కంటే కిందకి, అంటే 7కో 6కో జారిపోతే బ్యాటరీలో బలం లేదు, లేదా సెల్ఫ్ లోపల షార్ట్ అయి కరెంటు మొత్తం తాగేస్తోంది. 10, 11 మధ్య నిలబడి సెల్ఫ్ హుషారుగా తిరిగితే అంతా బాగున్నట్టు. మూడోది మీకు కనపడుతుందని నేను అనుకుంటున్నది: టక్ అంటుంది, సెల్ఫ్ తిరగదు, మీటర్ మాత్రం 12 దగ్గర్నుంచి పెద్దగా కదలదు. అంటే బ్యాటరీ దగ్గర బలం ఉంది, అది బయటికి పోవడానికి దారి దొరకడం లేదు. దారిలో ఎక్కడో గండి ఉంది.

ఆ గండిని పట్టుకునే పద్ధతి చాలా తేలిక. ఇంత తేలికైన పని మన తీరంలో ఎక్కువమంది ఎందుకు చేయరో నాకు బాధగా ఉంటుంది. మీటర్ నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద పెట్టండి. ఎర్ర పిన్ను సెల్ఫ్ మోటారు ఒంటి మీద, రంగు గీకిన చోట పెట్టండి. ఈ రెండిటి మధ్యా ఉన్నది ఒక్క నల్ల కేబుల్, దాని రెండు చివర్లు, ఇంజను బాడీ. కీ తిప్పినప్పుడు ఇక్కడ దాదాపు సున్నా రావాలి, 0.3 వోల్టులు దాటకూడదు. మీకు 2, 3, ఒక్కోసారి 8 కూడా చూపించవచ్చు. ఎంత చూపిస్తే అంత ఆ దారిలో పోతోందన్నమాట.

అప్పుడు పిన్నుని ఒక్కో మెట్టు వెనక్కి జరపండి. నల్ల పిన్ను బ్యాటరీ దగ్గరే ఉంటుంది. ఎర్ర పిన్నుని సెల్ఫ్ ఒంటి మీద నుంచి ఇంజను బాడీ మీదకి, అక్కడి నుంచి ఎర్త్ బోల్టు తల మీదకి, తర్వాత కేబుల్ లగ్గు (కేబుల్ చివర బోల్టుకి తగిలించే రాగి బిళ్ల) మీదకి, ఆ తర్వాత బ్యాటరీ వైపు క్లాంపు మీదకి జరుపుతూ ప్రతిచోటా కీ తిప్పించండి. బోల్టు మీద 3 చూపించి లగ్గు మీద 0.2 చూపిస్తే, దొంగ ఆ బోల్టుకీ లగ్గుకీ మధ్యే ఉన్నాడు. స్తంభానికీ క్లాంపుకీ మధ్య తేడా వస్తే దొంగ బ్యాటరీ మీదే కూర్చున్నాడు. ఇందాక క్లాంపు మీద పెట్టొద్దన్నది ఇందుకే.

ఎర్ర వైపు కూడా ఇదే పని. బ్యాటరీ పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ మీద ఉన్న లావు బోల్టు దాకా, కీ తిప్పి పట్టుకుని, 0.5 వోల్టులు దాటకూడదు. దాటితే మధ్యలో ఉన్న సోలినాయిడ్‌ని విడిగా చూడండి. దాని మీద రెండు లావు బోల్టులుంటాయి. ఒకదానికి బ్యాటరీ ఎర్ర కేబుల్, ఇంకోదానికి సెల్ఫ్‌కి పోయే కేబుల్. రెండు పిన్నుల్నీ ఈ రెండు బోల్టుల మీద పెట్టండి. కీ తిప్పకముందు 12 చూపిస్తుంది, కంగారు పడకండి, అది సహజం. కీ తిప్పి టక్ అనగానే ఆ 12 పడిపోయి 0.3 లోపు రావాలి. టక్ అన్నాక కూడా 3, 4 దగ్గరో 12 దగ్గరో నిలిచిపోతే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. ఈ సోలినాయిడ్‌ని విప్పి బాగుచేయాలని చూడకండి, కొత్తది వేసుకోవడమే నయం. సెల్ఫ్ మోటారు ఖరీదుతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఇవన్నీ చూశాక సెల్ఫ్ లావు బోల్టుకీ సెల్ఫ్ ఒంటికీ మధ్య కీ తిప్పినప్పుడు 10 వోల్టులకు పైగా అందుతూ, అయినా అది కదలకపోతే, అప్పుడు మీ మెకానిక్ చెప్పింది నిజం. అప్పుడు కూడా కొత్తది కొనడానికి తొందరపడొద్దు. ఊడదీసి రాజోలులోనో నరసాపురంలోనో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కువసార్లు కార్బన్ బ్రష్‌లు అరిగిపోయో, ఉప్పు పట్టి వాటి గూళ్లలో ఇరుక్కుపోయో ఉంటాయి. ఆర్మేచర్ మీద రాగి పట్టీలు నల్లబడి ఉంటే శుభ్రం చేసి, బుష్‌లు చూసి, బ్రష్‌లు మారిస్తే మళ్లీ కొన్నేళ్లు పనిచేస్తుంది. బిగించేటప్పుడు సెల్ఫ్ ఆనే చోట రంగు గాని తుప్పు గాని లేకుండా గీకమనండి. ఎర్త్ దానికి అక్కడి నుంచే అందుతుంది.

ఇక నా అనుమానం నిజమై నల్ల కేబులే దొరికిందనుకోండి. నట్టు బిగిస్తే చాలని వదిలేయకండి. బోల్టు పూర్తిగా విప్పండి. ఇంజను బాడీ అల్యూమినియం, లగ్గు రాగి, మధ్యలో ఉప్పు నీటి తేమ. ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తినేసుకుపోయి తెల్ల పొడి మిగులుతుంది. పైనుంచి చూస్తే బోల్టు గట్టిగానే ఉంటుంది, కింద మాత్రం ఆ పొడి మీద ఆనుకుని ఉంటుంది. లోహం తళతళలాడేదాకా ఎమరీతో రుద్దండి. లగ్గుని రెండు వైపులా రుద్దండి.

తర్వాత కేబుల్ తొడుగుని లగ్గు దగ్గర ఒక అంగుళం చీల్చి చూడండి. రాగి తీగలు కొత్త పైసలా ఎర్రగా మెరవాలి. చిలుము పట్టి ఆకుపచ్చగానో, మసిలా నల్లగానో ఉంటే ఇంకో అంగుళం చీల్చండి. వేలితో నలిపితే తీగలు పుటుక్కున విరిగి పొడి రాలడం నేను ఎన్నోసార్లు చూశాను. బయట తొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఉప్పు నీరు తీగల సందుల్లోంచి లోపలికి పాకుతుంది, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. జానెడు చీల్చినా మెరిసే రాగి కనపడకపోతే ఆ కేబుల్‌ని పక్కన పడేయండి.

కొత్త కేబుల్ ఎంత లావుది కావాలో దుకాణంలో వాళ్లకి వదిలేయకండి. మీ పడవలో బ్యాటరీ బరువు కోసం మధ్యలోకి జరిపి పెట్టి ఉంటే, మోటారు దాకా 3 మీటర్లు, వెనక్కి 3 మీటర్లు, మొత్తం 6 మీటర్ల రాగి. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే, 100 ఆంపియర్ల దగ్గర ఆ తీగలోనే ఇంచుమించు 1 వోల్టు పోతుంది. 35 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.3 తో సరిపోతుంది. బ్యాటరీ దగ్గరగా ఉంటే 25 కూడా చాలు. తగరం పూత ఉన్న రాగి కేబుల్ దొరికితే ఉప్పు నీటికి అది ఎక్కువ కాలం నిలుస్తుంది, కాస్త ఎక్కువ పెట్టినా పర్వాలేదు. వెల్డింగ్ కేబుల్ చాలామంది వాడతారు, తీగలు సన్నగా ఉండి బాగా వంగుతుంది, కానీ చివర్లకి తడి తగలకుండా మూసుకోవాలి. లగ్గుని సుత్తితో కొట్టి బిగించడం వద్దు. పెద్ద క్రింపింగ్ పనిముట్టు ఉన్న ఎలక్ట్రికల్ షాపులో నొక్కించండి. పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేసి కరిగించాలి. బ్యాటరీ మీద రెక్కల నట్లు ఉంటే తీసేసి మామూలు నట్లు, లాక్ వాషర్లు వేసి స్పానర్‌తో బిగించండి. అలల కుదుపుకి చేత్తో బిగించిన నట్టు నిలవదు. అంతా బిగించాక పైన వాసలీన్ పూయండి.

మధ్యాహ్నం ఎందుకు మొరాయిస్తోందన్నారు. చెడ్డ జాయింటు వేడెక్కే కొద్దీ ఇంకా చెడుతుంది. రాగి తీగ కూడా వేడెక్కితే కరెంటుకి కొంచెం ఎక్కువ అడ్డుపడుతుంది. పైగా పొద్దున్నుంచి వైర్‌లెస్ సెట్టు, ఫిష్ ఫైండర్, లైట్లు అదే బ్యాటరీ మీద నడిస్తే మధ్యాహ్నానికి అది కొంత దిగి ఉంటుంది. అందుకే జాయింటు బాగుపడ్డాక ఛార్జింగ్ కూడా చూసుకోండి. ఇంజను నీళ్లలో ఉండగా స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ ఇచ్చి, బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. ఊరికే ఉన్నప్పటి అంకె కంటే పెరగాలి, 13.5 నుంచి 14.5 దాకా రావాలి. కదలకపోతే ఇంజనులో కరెంటు పుట్టించే ఛార్జింగ్ కాయిల్‌నీ, దాన్ని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫయర్‌నీ అనుమానించాలి. ట్రాక్టర్ డైనమో పరీక్షించినట్టు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ ఊడదీసి మాత్రం చూడకండి. ఆ ఒక్క పనికి రెక్టిఫయర్ కాలిపోతుంది. ప్లస్, మైనస్ తారుమారైనా అంతే. ఒడ్డు మీద నీళ్లు లేకుండా ఇంజను నడపొద్దని మీకు చెప్పక్కర్లేదు.

ఇన్వర్టర్ బ్యాటరీని ఇంటికి పట్టుకెళ్లిపోండి. ఇప్పుడు పరీక్షకి పనికొచ్చింది గాని పడవలో అది ఉండకూడదు. దాని ప్లేట్లు మందంగా ఉంటాయి, కొద్దికొద్దిగా చాలాసేపు ఇవ్వడానికి చేసినవి. సెల్ఫ్‌కి కావాల్సింది ఒక్కసారిగా దూకే కరెంటు. పైగా పొడుగు బ్యాటరీ, అలకి వాలితే యాసిడ్ చిందుతుంది. ట్రాక్టర్ బ్యాటరీ చాలు, దాన్ని మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి బెల్టుతో కట్టండి. నిషేధం రోజుల్లో పాత బ్యాటరీ చచ్చిపోయిందనుకుంటున్నారేమో, దాన్ని అమ్మేసే ముందు ఛార్జ్ చేసి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టంతో) ఆరు సెల్స్ చూపించండి. ఒక సెల్‌కీ మిగతావాటికీ 0.050 పైన తేడా ఉంటేనే అది పోయినట్టు.

మీ మోటారుకి ఇప్పటిదాకా టక్ వస్తోంది కాబట్టి చిన్న తీగల జోలికి పోలేదు. రేపెప్పుడైనా టక్ కూడా రాకుండా నిశ్శబ్దమైపోతే దారి వేరు. ముందు ఇంజను మూత కింద సోలినాయిడ్ దగ్గరుండే 20 ఆంపియర్ల ఫ్యూజు చూడండి. కాలితే అదే సైజుది వేయండి, రాగి తీగ చుట్టొద్దు. తర్వాత లివరుని న్యూట్రల్‌లో కొంచెం అటూ ఇటూ ఆడిస్తూ కీ తిప్పండి. కంట్రోల్ బాక్సులో న్యూట్రల్ స్విచ్ ఒకటి ఉంటుంది, గేరులో ఉంటే సెల్ఫ్ తిరగకుండా ఆపేది అదే. పాతబడితే న్యూట్రల్‌లో ఉన్నా కలవదు. యమహాలో కీ నుంచి స్టార్ట్ కబురు మోసుకొచ్చేది గోధుమరంగు తీగ. కీ తిప్పినప్పుడు సోలినాయిడ్ దగ్గర ఆ తీగకి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూస్తే తప్పు కీ వైపుందా ఇంజను వైపుందా ఇట్టే తెలుస్తుంది. మధ్యలో ఉండే గుండ్రటి పది పిన్నుల కనెక్టర్‌ని విప్పి చిలుము ఉందేమో చూడడం మర్చిపోకండి.

ఇంకోటి. సెల్ఫ్ గిర్రున తిరిగే చప్పుడొచ్చి ఇంజను మాత్రం కదలకపోతే, పైన ఫ్లైవీల్ పళ్లని అందుకునే చిన్న గేరు ఎగరడం లేదన్నమాట. దానికి గ్రీజు దట్టంగా పట్టిస్తారు, అక్కడే చెడేది. గ్రీజు ఇసుకనీ ఉప్పునీ పట్టి గట్టిపడుతుంది. పెట్రోలుతో కడిగి, బాగా ఆరనిచ్చి, పలుచటి నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ సంగతి. దాన్ని పెట్టిన మరుక్షణం న్యూట్రల్ స్విచ్ లేనట్టే లెక్క. గేరులో ఉన్నా ఇంజను అందుకుంటుంది. నా కళ్ల ముందు ఒకసారి అలాగే జరిగింది. లివరు ముందుకి ఉన్న సంగతి ఎవరూ చూసుకోలేదు. షార్ట్ చేసిన కుర్రాడు వెనకవైపు మోటారు మీదకి వంగి ఉన్నాడు. పడవ ఒక్క ఉదుటున దూకింది. అతను నీళ్లలో పడ్డాడు, అదృష్టం కొద్దీ ప్రొపెల్లర్‌కి అవతలి పక్కన. ఆ కుర్రాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. పెట్రోలు ఆవిరి పక్కనే నిప్పురవ్వలు రాల్చడం సంగతి సరేసరి. ఒక్కసారి, ట్యాంకు గొట్టం తీసేసి, ఒడ్డు మీద, పరీక్ష కోసం మెకానిక్ చేస్తే చేయొచ్చు. రోజూ స్టార్ట్ చేసే పద్ధతి అది కానే కాదు.

సముద్రం మీద నిజంగా అవసరం పడితే మీకున్న దారి తాడు. ఇలాంటి పాత మోటార్లలో చాలావాటికి స్పార్క్ పుట్టడానికి బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్ కింద ఉన్న కాయిలే దాన్ని పుట్టిస్తుంది. ఫ్లైవీల్ తగినంత వేగంగా తిరగాలి, అంతే. మూత తీసి, ఫ్లైవీల్ మీదున్న గాడిలో తాడు ముడి తగిలించి, గడియారం ముల్లు వైపు రెండు మూడు చుట్లు చుట్టి, ముందు లివరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, ఒక్క లాగు లాగాలి. వెనక ఎవరూ నిలబడకూడదు. తిరుగుతున్న ఫ్లైవీల్ మీద మూత ఉండదు కాబట్టి మెడలో తువ్వాలు, వేలాడే చొక్కా, లుంగీ కొస ఏదీ దగ్గరికి రాకూడదు. స్టార్ట్ అయ్యాక మూత పెట్టాలని ప్రయత్నించకండి, అలాగే ఒడ్డుకి రండి. ఈ పని ఒడ్డు దగ్గర నడుం లోతు నీళ్లలో అన్నదమ్ములిద్దరూ తలో నాలుగుసార్లు చేసి నేర్చుకోండి. తాడు పడవలోనే, చేతికందే చోట, ఎండిన సంచిలో ఉండాలి.

నల్ల వైపు, ఎర్ర వైపు, సోలినాయిడ్ మీద, బ్యాటరీ మీద, ఈ నాలుగు అంకెల్నీ బాగుచేశాక ఒకసారి తీసి, తేదీ వేసి, ఇంజను మూత లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టండి. మళ్లీ ఎప్పుడైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఉంటుంది. బాగుచేసినా తగ్గకపోతే ఆ నాలుగూ నాకు రాసి పంపండి, చూసి చెబుతాను.

వచ్చే ఏడాది ఏప్రిల్ 15న నిషేధం మొదలవగానే బ్యాటరీని పడవలో వదిలేయకుండా ఇంటికి తెచ్చి, నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి. జూన్ 14 దాకా 61 రోజులు ఊరికే పడి ఉంటే ఏ బ్యాటరీ అయినా దిగిపోతుంది. మోటారు మీద ఉప్పుని మంచినీళ్లతో కడిగి, ఆరాక, విప్పిన కేబుల్ చివర్లకి వాసలీన్ పూసి ప్లాస్టిక్ కవరు కట్టి ఉంచండి. విప్పేటప్పుడు నల్ల కేబుల్ ముందు. బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది ఆఖరున.